కెర్నల్‌తో వచ్చిన మాడ్యూలా, మనం కంపైల్ చేసుకున్నదా? ప్రొడక్షన్‌లో ఏది ఉంచాలి

ర్యాక్_నంబర్_7
48 సర్వర్లు. అన్నీ ఉబుంటు 22.04, దాంతో వచ్చిన 5.15 కెర్నల్. నెట్‌వర్క్ కార్డులు ఇంటెల్ ఎక్స్520, అంటే 82599 చిప్. ఆ కార్డుల డ్రైవర్ ఐఎక్స్‌జీబీఈ, కెర్నల్‌లోకి లోడ్ అయ్యే మాడ్యూల్. దాన్ని ఇంటెల్ సోర్స్ నుంచి కంపైల్ చేసి (5.19.6) మేక్ ఇన్‌స్టాల్‌తో పెట్టి ఉంచాం. తొమ్మిది రోజుల కింద సెక్యూరిటీ అప్‌డేట్‌లో కెర్నల్ మారింది, వరసగా రీబూట్ చేశాం. 45 మామూలుగా లేచాయి. మూడింటికి నెట్‌వర్క్ రాలేదు. ఐపీఎంఐ కన్సోల్‌లోకి (నెట్‌వర్క్ పోయినా దూరం నుంచి సర్వర్ తెర చూపించేది) వెళ్లి చూస్తే లూప్‌బ్యాక్ తప్ప ఒక్క ఇంటర్‌ఫేస్ కనబడదు. పాత కెర్నల్‌తో బూట్ చేస్తే అంతా బాగానే ఉంది, ఇప్పటికి ఆ మూడూ దాని మీదే నడుస్తున్నాయి.
టీమ్ రెండుగా చీలింది. ఉబుంటుతో వచ్చే డ్రైవర్ నమ్మదగ్గది కాదు, డీకేఎంఎస్ (కెర్నల్ మారినప్పుడల్లా మాడ్యూల్‌ని మళ్లీ కంపైల్ చేసే సాధనం) పెట్టి ప్రతి కెర్నల్‌కీ మనదే కట్టుకుందాం అని సగం మంది. సొంత కంపైల్ మొత్తం తీసేద్దాం అని మిగతా సగం. మీరు ఏం చేస్తున్నారు, ఎందుకు?

కన్సోల్_కాపలా
అభిప్రాయాలకు ముందు ఆ మూడింట్లో ఒకదాన్ని కొత్త కెర్నల్‌తో లేపి రెండు ముక్కలు ఇక్కడ పెట్టండి. ఒకటి, డీమెసేజ్‌లో (కెర్నల్ లాగ్) ఐఎక్స్‌జీబీఈ ఉన్న లైన్లు. రెండు, మాడ్యూల్ ఆప్షన్లు ఉండే మోడ్‌ప్రోబ్.డి ఫోల్డర్‌లో ఆ డ్రైవర్ గురించి రాసిందేమైనా ఉంటే అది.

పాకెట్_పంతులు
మేక్ ఇన్‌స్టాల్ అన్నారు చూడండి, సగం జవాబు అక్కడే ఉంది. అది ఆ రోజు నడుస్తున్న కెర్నల్ ఫోల్డర్‌లోనే, అప్‌డేట్స్ అనే సబ్‌ఫోల్డర్ కింద మాడ్యూల్ పెడుతుంది. కొత్త కెర్నల్‌కి కొత్త ఫోల్డర్. అందులో మీ 5.19.6 ఎక్కడిది? కాబట్టి కొత్త కెర్నల్‌లో లోడ్ అవ్వబోయింది ఉబుంటుదే.

హుజూర్_రూట్
పంతులుగారు చెప్పిందే. గా మిగిలిన 45 గూడ చూస్కో తమ్మీ, అవి ఎవరి డ్రైవర్ మీద నడుస్తున్నయో.

ర్యాక్_నంబర్_7
@కన్సోల్_కాపలా ఇదిగో. డీమెసేజ్‌లో ఒక్కటే లైన్: ఐఎక్స్‌జీబీఈ: '1,1' ఇన్‌వాలిడ్ ఫర్ పారామీటర్ 'అలౌ_అన్‌సపోర్టెడ్_ఎస్‌ఎఫ్‌పీ'.
మోడ్‌ప్రోబ్.డి లో: ఆప్షన్స్ ఐఎక్స్‌జీబీఈ అలౌ_అన్‌సపోర్టెడ్_ఎస్‌ఎఫ్‌పీ=1,1 ఆర్‌ఎస్‌ఎస్=8,8
ఈ మూడు సర్వర్లలో వేరే కంపెనీ ఎస్‌ఎఫ్‌పీలు (కార్డు పోర్టులో గుచ్చే ట్రాన్సీవర్లు) ఉన్నాయి, అందుకని పెట్టింది. మిగతావాటిలో ఆర్‌ఎస్‌ఎస్ (ప్యాకెట్లను ఎన్ని క్యూలకి పంచాలో చెప్పేది) ఒక్కటే ఉంది.

కన్సోల్_కాపలా
దొరికింది. డ్రైవర్ చెడిపోలేదు, మీ ఆప్షన్ లైన్ దానికి అర్థం కాలేదు.
ఇంటెల్ సోర్స్ డ్రైవర్‌లో ఈ పారామీటర్ అంకెల వరస. పోర్టుకొకటి చొప్పున కామా పెట్టి రాయాలి, అందుకే 1,1. మీ 5.15 కెర్నల్‌తో వచ్చే డ్రైవర్‌లో అదే పేరుతో ఒకే ఒక అంకె, అన్ని పోర్టులకీ కలిపి. దానికి 1,1 ఇస్తే చదవలేక మాడ్యూల్ లోడే అవ్వదు. మోడ్‌ఇన్ఫో -పి కొట్టి రెండు ఫైళ్లనీ పోల్చండి: ఒకదాని పక్కన 'అర్రే ఆఫ్ ఇంట్' అని, రెండోదాని పక్కన 'యూఇంట్' అని ఉంటుంది.
ఆర్‌ఎస్‌ఎస్ సంగతి వేరు. కెర్నల్ డ్రైవర్‌లో ఆ పారామీటరే లేదు. తెలియని పారామీటర్ ఇస్తే 'అన్‌నోన్ పారామీటర్ ఇగ్నోర్డ్' అని ఒక హెచ్చరిక రాసి ముందుకెళ్లిపోతుంది. పేరు తెలియకపోతే దాటేస్తుంది, పేరు తెలిసి విలువ తప్పయితే ఆగిపోతుంది. మీ 45కీ 3కీ తేడా ఇంతే.

కొత్తకాపు
అర్థం కాలేదు సార్. అయితే ఆ 45 ఇప్పుడు ఏ డ్రైవర్ మీద ఉన్నట్టు?

పాకెట్_పంతులు
ఉబుంటు డ్రైవర్ మీద, తొమ్మిది రోజులుగా. చూసే దారులు చెబుతాను.
ఎత్‌టూల్ -ఐ కొట్టి వెర్షన్ చూడు. కెర్నల్‌తో వచ్చిందైతే వెర్షన్ స్థానంలో కెర్నల్ పేరే ఉంటుంది. సొంతదైతే 5.19.6 అని ఉంటుంది.
సిస్ కింద మాడ్యూల్, ఐఎక్స్‌జీబీఈ ఫోల్డర్‌లో టెయింట్ అనే ఫైల్ ఖాళీగా ఉంటే కెర్నల్‌దే. అందులో ఇంగ్లిష్ అక్షరం 'ఓ' ఉంటే బయటి సోర్స్, 'ఈ' ఉంటే సంతకం లేనిది.
ప్రాక్ కింద సిస్, కెర్నల్, టెయింటెడ్ ఫైల్‌లో 4096 అంటే బయటి మాడ్యూల్, 8192 అంటే సంతకం లేని మాడ్యూల్. రెండూ కలిస్తే 12288. మూసిన లైసెన్స్ మాడ్యూల్ కూడా ఉంటే ఇంకో 1 కలుస్తుంది.
మోడ్‌ఇన్ఫోని మాత్రం ఇక్కడ నమ్మవద్దు. అది డిస్క్ మీద ఉన్న ఫైల్ గురించి చెబుతుంది, మెమరీలో నడుస్తున్నదాని గురించి కాదు. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో (బూట్ మొదట్లో మెమరీలోకి వచ్చే చిన్న ఇమేజ్) పాత కాపీ ఉండిపోతే రెండూ వేరు కావచ్చు. మోడ్‌ఇన్ఫోలో వచ్చే ఎస్‌ఆర్‌సీవెర్షన్‌ని (సోర్స్ గుర్తు) సిస్ కింద ఉన్న ఎస్‌ఆర్‌సీవెర్షన్‌తో పోల్చితే తేలుతుంది.

ర్యాక్_నంబర్_7
ఇప్పుడే 45లోనూ చూశాను. అన్నిట్లో టెయింటెడ్ 0, ఎత్‌టూల్ వెర్షన్ కెర్నల్‌దే. ప్యాకెట్ డ్రాప్‌లు లేవు, లేటెన్సీ గ్రాఫ్‌లో మార్పు లేదు. ఎవరికీ తెలియలేదు.

హుజూర్_రూట్
అయిపాయె. మీ టీమ్‌ల కొట్లాటకు జవాబు మీ గ్రాఫ్‌లనే ఉన్నది.

సోర్స్_సత్తిబాబు
అంత తొందరగా తీర్పు ఇవ్వకండి. ఎక్స్520 పదిహేనేళ్ల నాటి కార్డు, దాని డ్రైవర్ కెర్నల్‌లో ఎప్పుడో కుదురుకుంది. దాన్ని చూపించి సొంత కంపైల్ వద్దంటే ఎలా? ఎక్స్710 తీసుకోండి, డ్రైవర్ ఐ40ఈ. కార్డు పాడై మారిస్తే కొత్త కార్డు కొత్త ఫర్మ్‌వేర్‌తో వస్తుంది. పాత కెర్నల్ డ్రైవర్ 'ఎన్‌వీఎం ఇమేజ్ (అంటే కార్డు ఫర్మ్‌వేర్) అనుకున్నదానికంటే కొత్తది' అని ఏకంగా ఆగిపోతుంది. అప్పుడు డిస్ట్రో వాళ్లు కొత్త కెర్నల్ ఇచ్చేదాకా కూర్చుంటారా?

కన్సోల్_కాపలా
@సోర్స్_సత్తిబాబు ఆ మెసేజ్ రెండు రకాలు, అది జాగ్రత్తగా చదవాలి. 'డిటెక్టెడ్ ఎ న్యూవర్ వెర్షన్' అని ఉంటే హెచ్చరిక మాత్రమే, డ్రైవర్ నడుస్తూనే ఉంటుంది. 'స్టాప్డ్ బికాజ్' అని ఉంటేనే నిజంగా ఆగినట్టు. రెండింటి చివరా 'తాజా డ్రైవర్ పెట్టండి' అనే ధోరణిలోనే వాక్యం ఉంటుంది. మొదటిది చూసి కంపైల్ చేయడం మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ. రెండోది వస్తే మీరన్నది నిజం, వేరే దారి కావాలి. అయితే ఆ దారుల్లో కొత్త హెచ్‌డబ్ల్యూఈ కెర్నల్ (అదే ఉబుంటు వెర్షన్‌కి ఇచ్చే కొత్త కెర్నల్) కూడా ఒకటి, కార్డు ఫర్మ్‌వేర్‌ని మిగతా సర్వర్ల స్థాయికి తేవడం ఇంకొకటి. సోర్స్ కంపైల్ మూడోది.

సోర్స్_సత్తిబాబు
ఫర్మ్‌వేర్ వెనక్కి తీసుకెళ్లడం ప్రతి కార్డుకీ కుదరదు. కుదిరినా సర్వర్ కంపెనీ ముద్ర వేసిన కార్డుకి వాళ్ల ప్యాకేజే కావాలి. మూడోదాన్ని ఆఖరికి నెట్టేయడం మీ ఇష్టం, నేను మాత్రం దాన్ని సిద్ధంగా ఉంచుకుంటాను.

ఇనిట్_ఇందిర
నెట్‌వర్క్ కంటే డిస్క్ కంట్రోలర్ దగ్గర ఈ ప్రశ్న ఇంకా గట్టిది. రెడ్‌హ్యాట్ 8లో ఎల్‌ఎస్‌ఐ ఎస్‌ఏఎస్2008 కార్డుల ఐడీలను ఎంపీటీ3ఎస్‌ఏఎస్ డ్రైవర్ నుంచి తీసేశారు. డ్రైవర్ ఉంటుంది, మీ కార్డుని గుర్తించదు, ఇన్‌స్టాలర్‌లో డిస్కులే కనబడవు. అలాంటప్పుడు ఎల్‌రెపో (రెడ్‌హ్యాట్‌కి డ్రైవర్లు కట్టి ఇచ్చే బయటి రెపో) వాళ్ల కేమాడ్ ప్యాకేజీ, అంటే కట్టేసిన మాడ్యూల్, తీసుకోవాలి. ఇన్‌స్టాల్ సమయానికైతే వాళ్ల డ్రైవర్ డిస్క్‌ని ఇన్‌స్ట్.డీడీ ఆప్షన్‌తో ఇవ్వాలి. ఇది బయటి మాడ్యూలే, కానీ మన సర్వర్‌లో కంపైల్ చేసింది కాదు. ఈ మధ్యదారిని ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు.
రెడ్‌హ్యాట్‌లో ఇది కుదరడానికి కారణం కేఏబీఐ. ఒక మేజర్ వెర్షన్ పొడుగునా కొన్ని కెర్నల్ సింబల్స్‌ని మార్చకుండా కాపాడతారు. ఆ సింబల్స్‌నే వాడుకునే మాడ్యూల్ ఒకసారి కడితే చాలు. కొత్త కెర్నల్ వచ్చినప్పుడు వీక్-మాడ్యూల్స్ స్క్రిప్ట్ సరిపోతుందో లేదో చూసి, వీక్-అప్‌డేట్స్ ఫోల్డర్‌లో లింక్ పెట్టేస్తుంది. ఆ జాబితాలో లేని సింబల్ వాడితే మాత్రం 8.6 నుంచి 8.7కి వెళ్లినప్పుడు తెగిపోవచ్చు. ఉబుంటులో ఈ ఏర్పాటు లేదు, కెర్నల్ ఏబీఐ నంబర్ మారిన ప్రతిసారీ మళ్లీ కట్టాల్సిందే.

కొత్తకాపు
మళ్లీ కట్టడానికే కదా డీకేఎంఎస్? అది పెట్టేస్తే గొడవ ఉండదు కదా?

పాకెట్_పంతులు
గొడవ ఉంటుంది నాయనా, చోటు మారుతుంది అంతే.
మొదటిది, హెడర్లు. లైనక్స్-ఇమేజ్-జెనరిక్ ఉండి లైనక్స్-హెడర్స్-జెనరిక్ లేకపోతే కొత్త కెర్నల్ దిగుతుంది గానీ దాని హెడర్లు దిగవు. డీకేఎంఎస్ కట్టలేదు. రెడ్‌హ్యాట్ వైపు ఇంకో తిరకాసు: కెర్నల్-డెవెల్ అని ఊరికే అడిగితే తాజా వెర్షన్ వస్తుంది, నువ్వు నడుపుతున్నదానిది కాదు. వెర్షన్ రాసి అడగాలి.
రెండోది, కంపైలర్. ఉబుంటు 22.04లో మామూలు జీసీసీ 11. హెచ్‌డబ్ల్యూఈ 6.5 కెర్నల్‌ని మాత్రం జీసీసీ 12తో కట్టారు. 'ఎఫ్‌ట్రివియల్-ఆటో-వార్-ఇనిట్=జీరో' అనే ఆప్షన్ జీసీసీ 11కి తెలియదు, బిల్డ్ అక్కడే పడిపోతుంది. జీసీసీ-12 ప్యాకేజీ పెడితే సరి.
మూడోది, బిల్డ్ పడిపోయినప్పుడు ఏమవుతుంది? డీకేఎంఎస్ 3 వచ్చాక 'ఎగ్జిటెడ్ విత్ రిటర్న్ కోడ్ 11' అని కెర్నల్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ కూడా సగంలో ఆగుతుంది. విసుగ్గా ఉంటుంది గానీ నా దృష్టిలో అదే మేలు. పాత పద్ధతిలో ఊరుకునేది, రీబూట్ అయ్యాక తెలిసేది. కారణం వార్ కింద లిబ్, డీకేఎంఎస్, ఆ మాడ్యూల్ పేరు, వెర్షన్, బిల్డ్ ఫోల్డర్‌లో మేక్.లాగ్‌లో ఉంటుంది. చివరి లైన్ కాదు, మొదటి 'ఎర్రర్' లైన్ చదవాలి.

సోర్స్_సత్తిబాబు
నాలుగోది నేను కలుపుతాను, ఇంటెల్ సోర్స్ వాడేవాళ్లకి ఇది తప్పనిసరి. వాళ్ల మేక్‌ఫైల్‌లో బిల్డ్_కెర్నల్ అని ఒక వేరియబుల్ ఉంటుంది. ఇవ్వకపోతే యూనేమ్ -ఆర్ చూసి ఇప్పుడు నడుస్తున్న కెర్నల్‌కే కడుతుంది. డీకేఎంఎస్.కాన్ఫ్‌లో మేక్ లైన్‌కి బిల్డ్_కెర్నల్ విలువగా డాలర్ కెర్నల్‌వెర్ అని ఇవ్వాలి. మర్చిపోతే పాత కెర్నల్ కోసం కట్టిన మాడ్యూల్ కొత్త కెర్నల్ ఫోల్డర్‌లో కూర్చుంటుంది. డీకేఎంఎస్ స్టేటస్ 'ఇన్‌స్టాల్డ్' అనే చూపిస్తుంది. రీబూట్ అయ్యాక 'ఇన్‌వాలిడ్ మాడ్యూల్ ఫార్మాట్'.
అందుకే కట్టిన ప్రతిసారీ మోడ్‌ఇన్ఫో -ఎఫ్ వెర్మ్యాజిక్‌తో కొత్త కెర్నల్ పేరు ఉందో లేదో చూడాలి. రీబూట్‌కి ముందు చూడాలి.

కొత్తకాపు
ఫార్మాట్ తప్పని తిరస్కరిస్తే అదే ఫోల్డర్ చెట్టులో ఉన్న ఉబుంటు డ్రైవర్ లోడ్ అవ్వదా?

కన్సోల్_కాపలా
అవ్వదు. మంచి ప్రశ్న, చాలామంది అవుతుందనే అనుకుంటారు. ఒకే పేరుతో రెండు ఫైళ్లుంటే ఏది అనేది డెప్‌మాడ్ ముందే తేల్చి మాడ్యూల్స్.డెప్‌లో ఒక్కదాన్నే రాస్తుంది. ఉబుంటులో వెతికే వరస అప్‌డేట్స్, తర్వాత ఉబుంటు, తర్వాత బిల్ట్-ఇన్. రెడ్‌హ్యాట్‌లో అప్‌డేట్స్, ఎక్స్‌ట్రా, బిల్ట్-ఇన్, వీక్-అప్‌డేట్స్. మొదట దొరికిందే రాస్తుంది. అది లోడ్ అవ్వకపోతే మోడ్‌ప్రోబ్ రెండోదాన్ని వెతకదు.
కన్సోల్‌లో ఇరుక్కుంటే మార్గం: ముందు మోడ్‌ప్రోబ్‌తో ఎండీఐఓ, డీసీఏ, ఎక్స్‌ఎఫ్‌ఆర్‌ఎం_ఆల్గో లోడ్ చేసి, తర్వాత ఇన్స్‌మాడ్‌తో కెర్నల్ ఫోల్డర్‌లోని డ్రైవర్ ఫైల్‌కి పూర్తి దారి ఇవ్వండి. ఇన్స్‌మాడ్ మోడ్‌ప్రోబ్.డి చదవదు, ఆప్షన్ కావాలంటే చేత్తో రాయాలి. నెట్‌వర్క్ వచ్చేస్తుంది, తక్కిన రిపేరు ఎస్‌ఎస్‌హెచ్‌లో నిదానంగా చేసుకోవచ్చు.

జెడ్‌పూల్_జానకి
జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ వాడేవాళ్ల బాధ కూడా వినండి. లైసెన్స్ కారణంగా (సీడీడీఎల్ ఒకవైపు, జీపీఎల్ ఇంకోవైపు) అది కెర్నల్ చెట్టులోకి రాదు. ఉబుంటు మాత్రం 16.04 నుంచి కట్టిన మాడ్యూల్‌నే కెర్నల్‌తో ఇస్తోంది. డెబియన్‌లో డీకేఎంఎస్. డెబియన్ బ్యాక్‌పోర్ట్స్ కెర్నల్ తెచ్చుకుని జెడ్‌ఎఫ్‌ఎస్ పాతది ఉంచితే బిల్డ్ పడుతుంది. సోర్స్‌లోని మెటా అనే ఫైల్‌లో లైనక్స్-మ్యాగ్జిమమ్ అని రాసి ఉంటుంది, దానికంటే కొత్త కెర్నల్ ఎక్కించవద్దు. రూట్ ఫైల్‌సిస్టమే జెడ్‌ఎఫ్‌ఎస్ అయితే కెర్నల్ ప్యాకేజీని ఏపీటీ-మార్క్ హోల్డ్‌లో పెట్టి, చేత్తో తప్ప కదల్చకండి.
జెడ్‌ఎఫ్‌ఎస్ వెర్షన్ అని కొడితే రెండు లైన్లు వస్తాయి, ఒకటి కమాండ్లది, రెండోది కేమాడ్‌ది. రెండూ ఒకటే కాకపోతే ఎక్కడో అప్‌డేట్ సగంలో ఆగిందని గుర్తు.

సోర్స్_సత్తిబాబు
@జెడ్‌పూల్_జానకి 2023 నవంబర్ గుర్తు చేయండి వీళ్లకి. 2.2.0లో బ్లాక్ క్లోనింగ్ వచ్చాక కాపీ చేసిన ఫైళ్లలో సున్నాలు దూరుతున్నాయని తెలిసింది. 2.2.1లో క్లోనింగ్ ఆపేశారు, అసలు లోపం 2.2.2లో, 2.1.14లో సరిచేశారు. సోర్స్ నుంచి కట్టుకునేవాళ్లు ఆ రోజే ఎక్కించుకోగలిగారు. కెర్నల్‌తో వచ్చేదాని మీద ఉన్నవాళ్లు డిస్ట్రో ప్యాకేజీ దిగేదాకా ఆగాలి.

జెడ్‌పూల్_జానకి
ఆగే ఆ రోజులకి మార్గం ఉండింది: జెడ్‌ఎఫ్‌ఎస్_డీఎంయూ_ఆఫ్‌సెట్_నెక్స్ట్_సింక్ పారామీటర్‌ని 0 చేయడం. నడుస్తుండగానే మార్చవచ్చు, ప్రమాదం చాలా తగ్గుతుంది. అసలు లోపం పాత వెర్షన్లలోనూ ఉందని తేలింది, 2.1.14 కూడా అందుకే. మీ మాట కాదనను, వేగం నిజమే. ఆ వేగం ప్రతి రోజూ అవసరమా అన్నదే నా సందేహం.

హుజూర్_రూట్
సెక్యూరిటీ దిక్కు చూడుర్రి జెర. కెర్నల్‌తోని వచ్చే డ్రైవర్‌ల సీవీఈ (భద్రత లోపం) పడితె అప్‌డేట్‌ల అదే వస్తది. సొంతంగ కట్టిన డ్రైవర్‌కు ఎవరు చెప్తరు? స్కానర్ కెర్నల్ ప్యాకేజీ వెర్షన్ చూసి పచ్చ టిక్కు పెడ్తది, లోపల నడిచేది రెండేండ్ల కిందటి సోర్స్. లైవ్‌ప్యాచ్ (రీబూట్ లేకుండ కెర్నల్‌ను సరిచేసేది) గూడ అంతే, బయటి మాడ్యూల్‌ను ముట్టదు. ఇది నాకు అన్నిటికన్న పెద్ద కారణం.
ఇంకోటి, ప్రొడక్షన్ డబ్బాల మీద జీసీసీ, మేక్, హెడర్లు పెట్టుడు నేను ఒప్పుకోను. ఒక్క బిల్డ్ మిషన్ మీద కట్టి, డెబ్ లేదా ఆర్‌పీఎం చేసి, అదే ఫైల్ అన్నిటి మీద ఎక్కియ్యాలె. 48 డబ్బాల 48 సార్లు కంపైల్ చేస్తె 48 తీర్ల ఫెయిలయితది.

ఇనిట్_ఇందిర
ప్యాకేజీ చేసేటప్పుడు సంతకం వరస గుర్తుంచుకోండి. మాడ్యూల్ సంతకం ఫైల్ చివర అతికించి ఉంటుంది. సంతకం చేశాక స్ట్రిప్ చేస్తే సంతకం ఊడిపోతుంది. ఆర్‌పీఎం బిల్డ్‌లో డీబగ్ సమాచారం విడదీసే దశ మనకు తెలియకుండానే స్ట్రిప్ చేస్తుంది. స్ట్రిప్ ముందు, సంతకం తర్వాత, ఎక్స్‌జెడ్‌తో కుదించడం ఆఖర్న.

కొత్తకాపు
సంతకం ఎప్పుడు అవసరం?

ఇనిట్_ఇందిర
సెక్యూర్ బూట్ (నమ్మిన సంతకం ఉన్న కోడ్‌నే నడవనిచ్చే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే. సంతకం లేకపోయినా, కెర్నల్ నమ్మని తాళంతో చేసినా 'కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్' లాంటి మాటతో లోడ్ ఆగిపోతుంది. మన తాళాన్ని మోక్‌యుటిల్ ఇంపోర్ట్‌తో ఇచ్చి, ఒక తాత్కాలిక పాస్‌వర్డ్ పెట్టి, రీబూట్ చేయాలి. లేచేటప్పుడు నీలం తెర వచ్చి ఏదో ఒక మీట నొక్కమంటుంది, పది సెకన్లు చూసి వెళ్లిపోతుంది. అది ఎస్‌ఎస్‌హెచ్‌లో కనబడదు. ఐపీఎంఐ కన్సోల్ తెరిచి కాచుకుని ఉండాలి, సర్వర్‌కి ఒకసారి. డీకేఎంఎస్‌కి వదిలేస్తే ప్రతి సర్వర్ తన సొంత తాళం పుట్టించుకుంటుంది, దాని రహస్య భాగం అదే డిస్క్ మీద పడి ఉంటుంది. సర్వర్ చేజిక్కించుకున్నవాడు తన మాడ్యూల్‌కి తనే సంతకం పెట్టుకుంటాడు, ఇంక సెక్యూర్ బూట్ దేనికి? ఒకే తాళం, రహస్య భాగం బిల్డ్ మిషన్‌లో మాత్రమే. @హుజూర్_రూట్ మాటకి ఇదీ ఒక బలం.

జీపీయూ_గోదారి
ఎన్‌విడియా కార్డులున్నవాళ్లకి: ఉబుంటులో డీకేఎంఎస్ వద్దు, లైనక్స్-మాడ్యూల్స్-ఎన్‌విడియా అని మొదలయ్యే ప్యాకేజీలు చూడండి. కట్టి, సంతకం చేసి ఇస్తారు. రాత్రి ఆటోమేటిక్ అప్‌డేట్ వచ్చి లైబ్రరీలు మారి, మెమరీలో పాత మాడ్యూల్ ఉండిపోతే 'డ్రైవర్/లైబ్రరీ వెర్షన్ మిస్‌మ్యాచ్' వస్తుంది. ఈ ప్యాకేజీలు కూడా అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్ బ్లాక్‌లిస్ట్‌లో ఉండాలి.

ఓఫెడ్_ఓబులేసు
మెలనాక్స్ కార్డులకు ఓఫెడ్ (వాళ్ల సొంత డ్రైవర్ల కట్ట) వేసుకునేవాళ్లు ఒకటి తెలుసుకోండప్పా. అది ఎంఎల్‌ఎక్స్5_కోర్ ఒక్కదాన్నే మార్చదు, ఐబీ_కోర్ నుంచి ఆర్‌డీఎంఏ గుంపంతా మార్చేస్తుంది. దాంతో కెర్నల్‌తో వచ్చిన ఎన్‌వీఎంఈ-ఆర్‌డీఎంఏ మాడ్యూల్‌కి సింబల్స్ కలవవు, 'డిసగ్రీస్ అబౌట్ వెర్షన్ ఆఫ్ సింబల్' అంటుంది. ఎన్‌వీఎంఈ ఓవర్ ఫ్యాబ్రిక్స్ (నెట్‌వర్క్ మీదుగా డిస్కులు వాడుకోవడం) కావాలంటే ఓఫెడ్ వేసేటప్పుడే విత్-ఎన్‌వీఎంఎఫ్ ఆప్షన్ ఇచ్చి దాని మాడ్యూల్ కూడా తెచ్చుకోవాల. కొత్త కెర్నల్‌కి యాడ్-కెర్నల్-సపోర్ట్. ఊరికే ఈథర్నెట్‌కి వాడుకునేదానికైతే ఓఫెడ్ అక్కర్లే.

వైర్_వెంకట్
ఒకప్పుడు తప్పనిసరి అయినవి ఇప్పుడు కాకపోవచ్చు, అది కూడా చూసుకోండి. వైర్‌గార్డ్ వీపీఎన్ 2020లో 5.6 కెర్నల్‌లోకి వచ్చేసింది, ఇంకా డీకేఎంఎస్ ప్యాకేజీ మోస్తున్న సర్వర్లు కనబడుతుంటాయి. డీపీడీకే (కెర్నల్‌ని దాటి ప్యాకెట్లు నడిపే లైబ్రరీ) వాళ్ల ఐజీబీ_యూఐఓ కూడా 20.11 నుంచి ప్రధాన సోర్స్‌లో లేదు, కెర్నల్‌తో వచ్చే వీఎఫ్‌ఐఓ-పీసీఐ చాలు.

ర్యాక్_నంబర్_7
చాలా తెలిసింది. తీసేద్దామనే నిర్ణయానికి వచ్చాం. కానీ ఆర్‌ఎస్‌ఎస్=8 ఒక కారణంతో పెట్టింది, ఆ పని ఎలా? ఇంటరప్ట్‌థ్రాటిల్‌రేట్ కూడా కొన్నింట్లో ఉంది. మూడు సర్వర్లని మళ్లీ రీబూట్ చేయాలంటే భయం, డేటా సెంటర్ వేరే ఊళ్లో ఉంది.

పాకెట్_పంతులు
ఆర్‌ఎస్‌ఎస్ బదులు ఎత్‌టూల్ -ఎల్ (పెద్ద ఎల్) కంబైన్డ్ 8. థ్రాటిల్ బదులు ఎత్‌టూల్ -సి (పెద్ద సి) ఆర్ఎక్స్-యూసెక్స్. లెక్క తలకిందులు, చూసుకోండి: పాతది సెకనుకి ఎన్ని ఇంటరప్ట్‌లు, కొత్తది ఇంటరప్ట్‌ల మధ్య ఎన్ని మైక్రోసెకన్లు. 8000 అని ఉన్నచోట 125 అవుతుంది. రీబూట్ అయితే పోతాయి కాబట్టి సిస్టమ్‌డీ సర్వీస్‌గానో నెట్‌వర్క్‌డీ-డిస్పాచర్ స్క్రిప్ట్‌గానో పెట్టండి.

కన్సోల్_కాపలా
రీబూట్ భయానికి:
బూట్‌లోడర్ గ్రబ్‌లో గ్రబ్_డీఫాల్ట్‌ని సేవ్డ్ చేసి, డీఫాల్ట్‌గా పాత కెర్నల్ ఉంచండి. గ్రబ్-రీబూట్‌తో కొత్త కెర్నల్‌ని ఒక్కసారికే ఎంచండి. కెర్నల్ లైన్‌లో ప్యానిక్=10 చేర్చండి. ప్యానిక్ అయితే పది సెకన్లకి రీబూట్ అయి పాతదానికి వస్తుంది. మీ సమస్యలో ప్యానిక్ రాదు, నెట్‌వర్క్ మాత్రమే పోతుంది. కాబట్టి బూట్ అయిన 10 నిమిషాలకి గేట్‌వేని పింగ్ చేసి, రాకపోతే రీబూట్ చేసే ఒక సిస్టమ్‌డీ టైమర్ తాత్కాలికంగా పెట్టండి. అంతా బాగుంటే గ్రబ్-సెట్-డీఫాల్ట్‌తో కొత్తది ఖాయం చేసి, టైమర్ తీసేయండి. తీసేయడం మర్చిపోతే రేపు గేట్‌వే పలకని సమయంలో బూట్ అయిన సర్వర్ మళ్లీ మళ్లీ రీబూట్ అవుతూనే ఉంటుంది.
ఒక షరతు. బూట్ ఫోల్డర్ ఎల్‌వీఎం మీదో సాఫ్ట్‌వేర్ రెయిడ్ మీదో ఉంటే గ్రబ్ అక్కడ రాయలేదు. 'ఒక్కసారికే' అన్న గుర్తుని చెరపలేక ప్రతిసారీ కొత్త కెర్నల్‌నే ఎక్కిస్తుంది. అలా ఉంటే ఈ పద్ధతి వద్దు, కన్సోల్ తెరుచుకుని చేయండి.

వైర్_వెంకట్
ఇంటర్‌ఫేస్ పేర్లు కూడా చూడండి. డ్రైవర్ మారితే పేరు మారే అవకాశం ఉంది. ఐ40ఈ వాడే సర్వర్లు 6.8 కెర్నల్‌కి వెళ్లినప్పుడు ఈఎన్‌పీ3ఎస్0ఎఫ్0 కాస్తా చివర ఎన్‌పీ0 తగిలించుకుంటుంది. డ్రైవర్ బాగుంటుంది, నెట్‌ప్లాన్‌లో (ఉబుంటు నెట్‌వర్క్ సెట్టింగులు) పేరు కలవక ఐపీ రాదు. నెట్‌ప్లాన్‌లో మ్యాచ్ కింద మ్యాక్ అడ్రస్ ఇచ్చి సెట్-నేమ్ రాస్తే ఏ డ్రైవర్‌కైనా ఒకే పేరు.

ర్యాక్_నంబర్_7
మా బూట్ మామూలు పార్టిషన్, ఎక్స్‌ట్4. మొదటి సర్వర్‌కి చేశాను: 1,1 తీసి 1 పెట్టాను, ఆర్‌ఎస్‌ఎస్ తీసేశాను, అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ కొట్టాను, గ్రబ్-రీబూట్. రెండు పోర్టులూ లేచాయి, బాండ్ (రెండు పోర్టులనీ కలిపిన లింక్) పూర్తిగా ఉంది, టెయింటెడ్ 0. మిగతా రెండూ ఈ రాత్రికి.

సోర్స్_సత్తిబాబు
ఆగండి. మీ పాత కెర్నల్ ఫోల్డర్‌లో ఇంకా 5.19.6 ఉంది కదా? ఎప్పుడైనా వెనక్కి వెళ్లాల్సి వస్తే అక్కడ ఆ డ్రైవరే లోడ్ అవుతుంది. దానికి ఇప్పుడు మీరు రాసిన ఒంటరి 1 అంటే మొదటి పోర్టుకి మాత్రమే అని అర్థం. రెండో పోర్టుకి డీఫాల్ట్ 0, ఆ ఎస్‌ఎఫ్‌పీని ఒప్పుకోదు, బాండ్ సగమే లేస్తుంది. వెనక్కి వెళ్లే దారిలోనే గుంట.

కన్సోల్_కాపలా
సత్తిబాబు చెప్పింది అక్షరాలా నిజం, నాకు తట్టలేదు. పాత కెర్నల్ ఫోల్డర్‌లోని అప్‌డేట్స్ నుంచి ఆ ఫైల్ పక్కకి తీయండి. డెప్‌మాడ్ -ఎ పక్కన పాత కెర్నల్ పూర్తి పేరు ఇచ్చి కొట్టండి. అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యు -కె పక్కన కూడా అదే పేరు. పేరు ఇవ్వకుండా కొడితే పాత కెర్నల్ ఇమేజ్‌ని ముట్టదు. చివర్లో ఎల్‌ఎస్‌ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో ఐఎక్స్‌జీబీఈ గ్రెప్ చేస్తే దారిలో అప్‌డేట్స్ అనే మాట కనబడకూడదు. 45లో కూడా ఇదే చేయాలి, ఎస్‌ఎఫ్‌పీ మారిన రోజు ఈ లైన్ వాటిలోకీ వస్తుంది.

హుజూర్_రూట్
గా మూడింటికి ఎస్‌ఎఫ్‌పీలు తీసి పాసివ్ డీఏసీ కేబుల్ (పొట్టి రాగి కేబుల్) ఎయ్యొచ్చు గద, ఒకటే ర్యాక్ అయితె. 82599 వాటిని ఆప్షన్ లేకుండనే తీసుకుంటది, లైనే అక్కర లేదు.

ర్యాక్_నంబర్_7
@హుజూర్_రూట్ రెండింటికి కుదురుతుంది, మూడోది పక్క గదిలోని స్విచ్‌కి వెళ్తుంది, దానికి ఫైబరే. @సోర్స్_సత్తిబాబు చాలా థాంక్స్ అన్నా. పాత ఫోల్డర్లు తుడిచే ప్లేబుక్ రాస్తున్నాను, ముందు నాలుగు సర్వర్ల మీద పాత కెర్నల్‌తో ఒకసారి లేపి ఎత్‌టూల్ వెర్షన్ చూశాకే మిగతావాటికి.